ఎలుక ఎలుకే కదా, జాతి తేల్చడానికి ఇంత తతంగం ఎందుకు?

హంద్రీగట్టు (కర్నూలు)
మా మేనకోడలు జంతుశాస్త్రంలో పీజీ చేసి అండమాన్‌లో ఒక పరిశోధన బృందంలో చేరింది. పక్షుల గూళ్ల మీద పని అని చెప్పి వెళ్లింది. తీరా ఫోను చేస్తే ఎలుకల్ని పట్టి తోకలు కొలుస్తున్నానంటోంది. మా బావ ఇరుగుపొరుగుకు ఏం చెప్పాలో తెలియక “సముద్రం మీద పరిశోధన” అని సర్దుకుపోతున్నాడు.

అది అలా ఉంచండి. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఆ దీవిలో నేల మీద గుడ్లు పెట్టే పక్షుల గూళ్లను ఎలుకలు ఊడ్చిపెడుతున్నాయట. మందు బస్తాలు గదిలో సిద్ధంగా ఉన్నాయట. అయినా “ముందు జాతి తేలాలి” అని పెద్దలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఈలోగా గుడ్లు పోతూనే ఉన్నాయి. ఎలుక ఏదైతేనేం, తినేది గుడ్లే కదా?

ఆ పిల్ల పంపిన కొలతలు ఇవి. తల, ఒళ్లు కలిపి 168 మి.మీ., తోక 196, వెనక పాదం 34, చెవి 22. బరువు 135 గ్రాములు. ఆడది. వీపు గోధుమ రంగు, పొట్ట తెలుపు. చూసి చెప్పగలవారు ఎవరైనా ఉన్నారా?

ఆదోని మందులషాపు
ఇందులో తేల్చడానికి ఏముంది? జింక్ ఫాస్ఫైడ్ 2 పాళ్లు, నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు. రెండు రోజులు మందు లేని నూకలు పెట్టి అలవాటు చేయాలి. మూడో రోజు మందు కలిపి కలుగుల్లో పెట్టాలి. మందు కులగోత్రాలు అడగదు.

వేరుశనగ వామి (కళ్యాణదుర్గం)
తోకలు కొలిచే ఉద్యోగానికి జీతం ఎంతో కనుక్కుని చెప్పు అన్నా. మా కళ్లం దగ్గర అనుభవం ఉన్నవాళ్లు చాలామంది ఖాళీగా ఉన్నారు.

పాత మాస్టారు (కర్నూలు)
షాపాయన చెప్పిన పాళ్లు పొలానికి సరైనవే. దీవికి పనికిరావు. ఎందుకో తర్వాత రాస్తాను. ముందు కొలతల సంగతి చూద్దాం.

ప్రపంచంలో దీవుల్ని పాడుచేసిన ఎలుకలు ప్రధానంగా మూడు. ఒకటి నల్ల ఎలుక, అంటే మన అటకల మీద పరుగెత్తే ఇంటి ఎలుకే. శాస్త్రీయ నామం రాటస్ రాటస్. రెండోది నార్వే ఎలుక, రాటస్ నార్వెజికస్. మూడోది పసిఫిక్ ఎలుక, రాటస్ ఎక్సులాన్స్. మొదట తోక చూడాలి. నల్ల ఎలుక తోక దాని ఒంటి కంటే పొడుగు. నార్వే ఎలుకది ఒంటి కంటే పొట్టి, మొదట్లో లావు, కింది వైపు పాలిపోయి ఉంటుంది. పసిఫిక్ ఎలుకది దాదాపు ఒంటితో సమానం. తర్వాత చెవి. దాన్ని మెల్లగా ముందుకు వంచితే నల్ల ఎలుకకు కన్ను కప్పుకుపోతుంది, నార్వే ఎలుకకు కంటి దాకా రాదు. మూతి కూడా నార్వే ఎలుకకు మొద్దుగా ఉంటుంది, నల్ల ఎలుకకు సన్నంగా ఉంటుంది. ఆడదైతే చనుమొనలు లెక్కపెట్టాలి. పసిఫిక్ ఎలుకకు 8, నల్ల ఎలుకకు సాధారణంగా 10, నార్వే ఎలుకకు 12.

మీ ఎలుకకు ఒళ్లు 168, తోక 196. కాబట్టి నార్వే ఎలుక కాదు. పసిఫిక్ ఎలుకకు వెనక పాదం 31 దాటడం అరుదు, మీది 34. కాబట్టి అదీ కాదు. అంతవరకు నిశ్చింతగా చెప్పవచ్చు. ఆ పైన ఇది నల్ల ఎలుకే అని మాత్రం నేను సంతకం పెట్టను. ఇంకొకటి, రంగు చూసి తీర్పు చెప్పవద్దు. నల్ల ఎలుక పేరుకే నల్లది. నల్లటి ఒళ్లూ ఉంటుంది, గోధుమ వీపుకు బూడిద పొట్టా ఉంటుంది, తెల్ల పొట్టా ఉంటుంది. అన్నీ ఒకే జాతి.

పులివెందుల పొద్దు
మాస్టారూ, మా గోదాములో తోక ఒంటి కంటే పొట్టిగా, మూతి మొద్దుగా, బలిసిన ఎలుకలు ఉన్నాయి. అయితే అవి నార్వే ఎలుకలా? కడప జిల్లాకు నార్వే నుంచి ఎలా వచ్చాయి?

పాత మాస్టారు
రాలేదు. నార్వే ఎలుక మన దేశంలో ఎక్కువగా రేవు పట్టణాల్లోనే కనిపిస్తుంది. మీరు చూసినవి పందికొక్కులు అయి ఉంటాయి, చిన్న రకం. ఈ రెండింటినీ పోల్చుకోలేక తికమకపడేవాళ్లు చాలామంది. బోనులో పడ్డప్పుడు కర్ర దగ్గరికి పెట్టి చూడండి. వీపు మీద పొడుగు వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటే పందికొక్కే. కలుగు బయట తవ్విపోసిన మట్టి కుప్ప ఉందో లేదో కూడా చూడండి.

కేసీ కాలువ (నంద్యాల వైపు)
మట్టి కుప్ప మాట నిజం. మా వరి మడి గట్టు మీద ఒక కలుగు తవ్వించాం. మోకాలి లోతులో పక్కకు తిరిగింది. అక్కడ ఒక అర. అందులో వరి వెన్నులు కోసి, మొదళ్లన్నీ ఒకవైపుకు వచ్చేలా పేర్చి ఉన్నాయి. మా కూలీలు కూడా పనలు అంత శుభ్రంగా వేయరు. మట్టి దులిపి చాటలో పోస్తే చాట నిండింది. గట్టుకు గండి, గింజకు నష్టం, రెండూ దానివల్లే.

ఓడతాడు (ప్రొద్దుటూరు, ప్రస్తుతం సముద్రం మీద)
ఓడల్లో పనిచేసేవాణ్ని కాబట్టి ఇది నా వంతు. రేవులో కట్టిన ప్రతి తాడుకూ గుండ్రటి రేకు పళ్లెం తొడుగుతాం, ఎలుకలు తాడు పట్టుకుని ఎక్కకుండా, దిగకుండా. ఓడ శుభ్రంగా ఉందని పారిశుధ్య ధ్రువపత్రం ఉండాలి, అది 6 నెలలే చెల్లుతుంది. ఇంత తతంగం ఊరికే రాలేదు. 1918 జూన్‌లో మకాంబో అనే ఓడ ఆస్ట్రేలియా దగ్గర లార్డ్ హావ్ దీవి వద్ద నేలకు తగిలింది. సరుకు దించుతుంటే నల్ల ఎలుకలు ఒడ్డుకు చేరాయి. ఆ దీవిలో తప్ప మరెక్కడా లేని పక్షి రకాలు 5 అంతరించిపోయాయి. అరచేయంత పొడుగు పుల్లపురుగు ఒకటి కూడా పోయిందనే అనుకున్నారు. 2001లో పక్కనే సముద్రంలో నిలబడ్డ ఒక రాతి శిఖరం మీద, ఒక పొద కింద కొన్ని దొరికాయి.

బుక్కపట్నం చెరువు
నల్ల ఎలుక పుట్టిల్లు మన దేశమే అంటారు కదా. ఇంగ్లీషువాడు మన మీదికి ఓడలు పంపితే మనం వాడి ఓడల్లో ఎలుకల్ని పంపాం. లెక్క సరిపోయింది.

పాత మాస్టారు
సరిపోలేదు నాయనా. అది ఐరోపాకు రోమన్ల కాలంలోనే చేరిపోయింది. నువ్వు పదిహేను వందల ఏళ్లు ముందుకు జరిగావు.

హంద్రీగట్టు
మాస్టారూ, పక్కదారి పట్టకండి. నా ప్రశ్న అలాగే ఉంది. పసిఫిక్ కాదు, నార్వే కాదు అని మీరే తేల్చారు. ఇక మిగిలింది మన ఇంటి ఎలుకే. మందు పెట్టడానికి అడ్డేమిటి?

ఆదోని మందులషాపు
అదే నేనూ అడుగుతున్నాను. దీవికి పనికిరావు అన్నారు, ఎందుకో చెప్పలేదు. మా దగ్గర కొన్న రైతులు ఎవరూ తిరిగి వచ్చి గొడవ పెట్టుకోలేదు.

వేరుశనగ వామి
గొడవ పెట్టుకోలేదు కానీ ప్రతి ఏడాదీ మళ్లీ కొన్నారు. అక్కడే ఉంది మర్మం.

పాత మాస్టారు
వామి ఒక్క ముక్కలో చెప్పేశాడు. పొలంలో మన పని ఎలుకల్ని తగ్గించడం. వందలో తొంభై చస్తే పంట గట్టెక్కుతుంది. వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది. దీవిలో వందకు వంద చావాలి. కడుపుతో ఉన్న ఆడది ఒక్కటి మిగిలినా మూడు వారాల్లో ఈనుతుంది, పెట్టిన ఖర్చంతా సముద్రంలో పోసినట్టే. పసిఫిక్‌లో హెండర్సన్ దీవి మీద 2011లో హెలికాప్టర్లతో మందు చల్లారు. వంద లోపు ఎలుకలు మిగిలాయి. అవే మళ్లీ దీవి నింపాయి.

జింక్ ఫాస్ఫైడ్ గంటల్లో పనిచేస్తుంది. కొంచెమే తిన్న ఎలుకకు కడుపులో తిప్పుతుంది, చావదు. ఆ తర్వాత ఆ రుచి తగిలితే దగ్గరికి రాదు. అందుకే దీవుల్లో రక్తం గడ్డకట్టనివ్వని మందులు వాడతారు, ఎక్కువగా బ్రోడిఫాకమ్. చావు రోజుల తర్వాత వస్తుంది కాబట్టి ఎలుకకు అనుమానం రాదు.

ఇక జాతి ఎందుకంటే, ఒక్కో జాతి ఒక్కో చోట ఉంటుంది. నార్వే ఎలుక నేలలో కలుగు తవ్వుతుంది, బ్రహ్మాండంగా ఈదుతుంది. నల్ల ఎలుక చెట్టెక్కుతుంది. కొన్ని నేల మీదికి దిగకుండానే రోజులు గడిపేస్తాయి. నేల మీద మాత్రమే మందు పెట్టి వచ్చేస్తే పైన ఉన్నవి చూస్తూ కూర్చుంటాయి.

కొబ్బరిమట్ట (అండమాన్, సొంతూరు రాయచోటి)
చెట్టు మాట అక్షరాలా నిజం. మా తోటలో కొబ్బరి మొవ్వులోనే కాపురం. లేత కాయకు తొడిమ దగ్గర గుండ్రంగా కన్నం పెట్టి తాగేస్తుంది. కాయ రాలిపడ్డాక మాత్రమే మనకు తెలుస్తుంది.

ఇక్కడ ఇంకో తలనొప్పి పీతలు. రాత్రి నేల మీద ఏది పెట్టినా తెల్లవారేసరికి పీతలు లాక్కెళతాయి. మందు కూడా.

పాత మాస్టారు
పసిఫిక్‌లోనే పాల్మైరా దీవుల్లో మొదటి ప్రయత్నం దెబ్బతిన్నది అందుకే. నేల మీద పెట్టిన ఎరను పీతలు మేశాయి. ఆ మందు వాటిని ఏమీ చేయదు. పైన కొబ్బరి మొవ్వుల్లో ఎలుకలు హాయిగా ఉన్నాయి. 2011లో మళ్లీ చేసినప్పుడు పీతలు తినేది పోను ఎలుకలకు మిగిలేలా ఎక్కువ మోతాదు చల్లారు, కొబ్బరి మొవ్వుల్లోనూ పెట్టారు. అప్పుడు పోయాయి. ఇంకో చిత్రం, ఎలుకలు పోయాక అక్కడ పులిదోమ కూడా మాయమైంది. తాగడానికి రక్తం దొరకలేదు దానికి.

బుక్కపట్నం చెరువు
అనంతపురంలో దోమలు పోవాలంటే ఏ జంతువును తీసేయాలో కూడా చెప్పండి మాస్టారూ.

పులివెందుల పొద్దు
మనల్నే.

దేవుని కడప
నాకు ఈ చర్చ మొత్తం నచ్చలేదు. ప్రాణం ప్రాణమే. వినాయకచవితికి పక్కన ఎలుకను పెట్టి దండం పెడతాం, మర్నాడు దానికి మందు పెడతాం. దీవికి అది తనంతట రాలేదు, మనుషులే తెచ్చారు. శిక్ష దానికా? పోనీ పిల్లుల్నో ముంగిసల్నో వదిలితే ప్రకృతే చూసుకుంటుంది కదా.

ఓడతాడు
ముంగిస మాట ఎత్తకండి. 1872లో కలకత్తా నుంచి 9 ముంగిసల్ని జమైకాకు తీసుకెళ్లి చెరకు తోటల్లో వదిలారు, ఎలుకల్ని తింటాయని. అక్కడి నుంచి 1883లో హవాయి దీవులకు తెచ్చారు. ముంగిస పగలు తిరిగేది, ఎలుక రాత్రి తిరిగేది. రెండూ ఎదురుపడేది తక్కువ. ముంగిసలు పక్షి గుడ్ల మీద పడ్డాయి. ఇప్పుడు హవాయిలో రెండు బెడదలూ ఉన్నాయి.

కేసీ కాలువ
మన ముంగిసే వెళ్లిందా! ఎలుకా మనదే, ముంగిసా మనదే. ప్రపంచానికి మనం చేసిన సేవ తక్కువేమీ కాదు.

నల్లమల నడక (ఆత్మకూరు)
దేవుని కడపగారి బాధ నాకు అర్థమవుతుంది. నేనూ విషానికి మిత్రుణ్ని కాను. కానీ గూట్లో కళ్లు తెరవని పిల్లను ఎలుక కొరుకుతూ ఉంటే అది కూడా ప్రాణమే కదండీ. పసిఫిక్ సముద్రంలోని గాలాపగోస్ దీవుల్లో పిన్జాన్ అనేది ఒకటి. గుడ్డు నుంచి బయటికి వచ్చిన తాబేలు పిల్లనల్లా ఎలుకలు తినేసేవి. వందేళ్లకు పైగా అక్కడ ముసలి తాబేళ్లే తప్ప దీవి మీద పుట్టి పెరిగిన కుర్ర తాబేలు లేదు. 2012లో ఎలుకల్ని తీసేశారు, 2014లో పిల్లలు కనబడ్డాయి. అక్కడ ఎవరి ప్రాణం లెక్క వేయాలి?

నాకు ఉన్న అనుమానం వేరు. విషం తిని చచ్చిన ఎలుకను గద్దలూ గుడ్లగూబలూ తింటే?

పాత మాస్టారు
తింటే వాటికీ ముప్పే. అందుకే లార్డ్ హావ్‌లో 2019లో మందు పెట్టే ముందు అక్కడి అరుదైన వుడ్‌హెన్ అనే పక్షులను చాలావరకు పట్టి, పని అయ్యేదాకా దొడ్లలో ఉంచారు. ఊరివాళ్లు కూడా రెండు వర్గాలుగా చీలిపోయి ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు. అమెరికాలో అనకాపా దీవి మీద నల్ల ఎలుకలతో పాటు ఆ దీవికే చెందిన చిట్టెలుక ఉంది. మందు రెండింటినీ చంపుతుంది. కాబట్టి ముందు చిట్టెలుకల్ని పట్టి బోనుల్లో పెంచి, 2001, 2002ల్లో ఎలుకల పని ముగించాక తిరిగి వదిలారు.

హంద్రీగట్టూ, మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. ప్రతి ఎలుకా పరాయిది కాదు. అండమాన్‌కు సొంత ఎలుక ఉంది, రాటస్ స్టోయికస్. నికోబార్‌కు వేరే రెండు ఉన్నాయి. అవి ప్రపంచంలో మరెక్కడా లేవు. మీ బస్తాల్లోని మందుకు షాపాయన అన్నట్టు కులగోత్రాలు తెలియవు. భయం అదే.

ఆదోని మందులషాపు
ఎలుకకు కూడా స్థానికత ధ్రువపత్రమా! మా పిల్లవాడికి తెప్పించడానికే చెప్పులరిగిపోయాయి.

ఓడతాడు
నవ్వకండి. జావాకు దక్షిణంగా క్రిస్మస్ దీవి ఉంది. అక్కడ మాక్లియర్ ఎలుక అని సొంత జాతి ఒకటి రాత్రయితే గుంపులుగా తిరిగేదట. 1900 దరిదాపుల్లో ఓడల నుంచి నల్ల ఎలుకలు దిగాయి. కొన్నేళ్లలోనే మాక్లియర్ ఎలుక ఒక్కటీ లేకుండా పోయింది. కొట్లాటలో కాదు, జబ్బుతో. మ్యూజియంలో దాచిన పాత తోళ్ల నుంచి డీఎన్ఏ తీసి, నల్ల ఎలుకలు తెచ్చిన రక్తపరాన్నజీవి వాటికి సోకిందని 2008లో చూపించారు.

తోకలకొలత (అండమాన్)
హంద్రీగట్టు మామా, అమ్మ ఈ చర్చ లంకె పంపింది. నాన్న “సముద్రం మీద పరిశోధన” అంటున్న సంగతి ఇప్పుడే తెలిసింది. ఆ విషయం ఇంటికి వచ్చాక మాట్లాడుకుందాం.

మాస్టారు చెప్పినదంతా సరే. చనుమొనలు 10. ఇక్కడ అసలు చిక్కు నల్ల ఎలుకా, అండమాన్ ఎలుకా అన్నదే. అండమాన్ ఎలుక బొచ్చు గరుకు. తోక వైపు నుంచి తల వైపుకు వేలితో ఎదురు దువ్వితే ముళ్లలాంటి గట్టి వెంట్రుకలు తగలాలి. నల్ల ఎలుకల్లోనూ కొన్నింటికి గరుకు వెంట్రుకలు ఉంటాయి, కాబట్టి వేలు ఒక్కటే నమ్మలేం. అందుకే చెవి అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి ఆల్కహాలు సీసాలో వేసి ప్రయోగశాలకు పంపుతాం. డీఎన్ఏ నివేదిక వచ్చేదాకా బస్తాలు కదలవు. నల్ల ఎలుక అనే పేరు కింద కూడా ఒకటి కంటే ఎక్కువ జాతులు ఉన్నాయి. భారత రకానికి క్రోమోజోములు 38, తూర్పు ఆసియా రకానికి 42. పైకి చూస్తే అచ్చం ఒకటే. అండమాన్ ఈ రెండింటి మధ్య ఉంది.

ఆ నివేదిక వల్ల ఇంకో లాభం. మందు పెట్టాక రెండేళ్లకు మళ్లీ ఎలుక కనిపించిందనుకోండి. పాతది మిగిలిందా, కొత్తది పడవలో వచ్చిందా? ముందే దాచుకున్న డీఎన్ఏ ఉంటే తేల్చవచ్చు. పాతదైతే మా పని తప్పు, కొత్తదైతే రేవులో కాపలా తప్పు. లార్డ్ హావ్‌లోనే 2021లో మళ్లీ కనిపించి గుండెలు గుభేలుమన్నాయి.

తోక కొలవడం తేలిక అనుకోవద్దు. చచ్చిన ఎలుకను వెల్లకిలా పెట్టి, మలద్వారం దగ్గర స్కేలు సున్నా ఆనించి, తోక చివరి వెంట్రుకల్ని వదిలేసి చదవాలి. వెనక పాదం మడమ నుంచి పొడుగు వేలి చివరిదాకా, గోరు కలపకుండా. నేను గోరు కలిపితే ఇంకొకరు కలపకుండా కొలుస్తారు, 2 మి.మీ. తేడాతో జాతి మారిపోతుంది. కొట్లాటలో తోక తెగిన ఎలుక దొరికితే ఆ కొలత కాగితం మీదికే రాదు.

హంద్రీగట్టు
అమ్మాయీ, మీ నాన్న సంగతి నేను సర్దిచెబుతాలే. ఎలుక పక్క దీవి నుంచి ఈదుకుంటూ కూడా రావచ్చు కదా? రేవులో కాపలా పెట్టి ఏం లాభం?

తోకలకొలత
అందుకే జాతి కావాలి మామా. నార్వే ఎలుకైతే వస్తుంది. న్యూజిలాండ్‌లో 2004లో రేడియో పట్టీ కట్టి ఒక మగ నార్వే ఎలుకను కావాలనే ఒక చిన్న దీవిలో వదిలారు, ఒక్క ఎలుకను పట్టడం ఎంత కష్టమో చూద్దామని. అది 400 మీటర్లు ఈది పక్క దీవికి పోయింది. పట్టడానికి 18 వారాలు పట్టింది. నల్ల ఎలుకకు ఈత అంత ఇష్టం లేదు, దాని దారి ఎక్కువగా పడవలే.

కొబ్బరిమట్ట
మా వైపు వస్తే చెప్పమ్మా, ఉగ్గాని బజ్జీ చేసి పెడతాం. దీవిలో మరమరాలు దొరకవనుకోకు, ఎలుకలకు అందకుండా డబ్బాలో దాచాం.

వేరుశనగ వామి
తోకలకొలతమ్మా, బోనులో ఎర ఏం పెడతారు?

తోకలకొలత
నూరిన వేరుశనగ ముద్ద. కొబ్బరి ముక్క కాల్చి పెట్టినా వస్తాయి. ఎలుకల్ని పట్టకుండానే ఉన్నాయో లేవో చూడాలంటే చిన్న సొరంగంలాంటి పెట్టెలో మధ్యన సిరా పూసిన కార్డు పెట్టి, సిరా మీద వేరుశనగ ముద్ద ఉంచుతాం. తినడానికి వచ్చి, పోతూ పోతూ అడుగులు వేసి పోతాయి.

వేరుశనగ వామి
ప్రపంచమంతా మా అనంతపురం కాయే వాడుతోందని రాసుకుంటాను. సిరా లేదు, మా అబ్బాయి స్టాంపు ప్యాడు నీళ్లు ఉన్నాయి. ఈ రాత్రి విత్తనకాయల గదిలో పెట్టి చూస్తాను.

మోడరేటర్
వామిగారూ, ఫోటో పెట్టేటప్పుడు సైజు తగ్గించి పెట్టండి. పోయినసారి మీ కందిచేను ఫోటోకు పేజీ తెరుచుకోలేదు.

వేరుశనగ వామి
కార్డు ఫోటో పెట్టాను. పక్కన రూపాయి బిళ్ల కొలత కోసం పెట్టాను. అడుగులు చిన్నవిగా ఉన్నాయి. చిట్టెలుకేనా?

పాత మాస్టారు
ముందు పాదం గుర్తులో వేళ్లు లెక్కపెట్టండి. ఎలుకకైనా, చిట్టెలుకకైనా ముందు పాదానికి 4, వెనక పాదానికి 5 పడతాయి. మీ కార్డులో ముందూ వెనకా కూడా 5 కనబడుతున్నాయి. గదిలో ఘాటైన కంపు ఉందా?

వేరుశనగ వామి
ఉంది. గోడ వెంబడి కీచుకీచుమంటూ పోతుంది. మూతి పొడుగ్గా ఉంటుంది.

పాత మాస్టారు
అయితే అది చుంచు. అసలు ఎలుకల కుటుంబమే కాదు. బొద్దింకల్నీ పురుగుల్నీ తింటుంది. దానికి మందు పెట్టకండి. మారిషస్ లాంటి దీవుల్లో అదీ బెడదే, మీ గదిలో మాత్రం పనికొచ్చేదే.

వేరుశనగ వామి
మరి నా విత్తనకాయలు తిన్నది ఎవరు?

ఆదోని మందులషాపు
కార్డు అటకమీద పెట్టు అన్నా. మాస్టారు ఇందాకే చెప్పారుగా, నల్ల ఎలుక పైనే ఉంటుందని. 4 వేళ్లు పడితే బోను నా దగ్గర ఉంది, మందు అడగవద్దు, ఈ చర్చ చదివాక నీకు అమ్మాలంటే భయమేస్తోంది.